గంటస్తంభం దగ్గర పాత బిళ్లల కొట్టు: ఎర్ర హెల్లర్ కోసమైనా వెళ్లండి

విజయనగరంలో పాత నాణేలు ఎక్కడ కొనాలని ఎవరడిగినా నేను ఒక్క చోటికే పంపిస్తాను. గంటస్తంభం దాటి మార్కెట్ వైపు నడిస్తే స్టీలు సామాన్ల షాపుల వెనక సందులో ఉంటుంది, ఇద్దరు నిలబడితే నిండిపోయే కొట్టు. యజమానికి ప్రచారం ఇష్టం లేదు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. సందు మొదట్లో "పాత బిళ్లల కొట్టు" అని అడిగితే చాలు, చూపిస్తారు.

మామూలుగా నాణేల షాపుల్లో తెలిసేవి రెండే: ఏ దేశానిది, ఎంత. ఇక్కడ ప్రతి బిళ్లా అట్ట హోల్డర్‌లో ఉంటుంది, దానితో పాటు విజిటింగ్ కార్డంత కాగితం ఉంటుంది. దేశం, సంవత్సరం, లోహం, ధర, ఆ కింద రెండు మూడు లైన్లలో ఆ నాణేనికి ఆ పేరు ఎందుకొచ్చిందో రాసి ఉంటుంది. అన్నీ ఆయన చేతిరాతే, గుండ్రటి అక్షరాలు. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. నాలాంటి వాళ్లకి ఆ కాగితం సగం సరుకు. బిళ్ల చేతిలో పెట్టి పేరు కథ చెబితే ఎనిమిదో తరగతి వెనక బెంచీ కూడా తల ఎత్తి వింటుంది.

గోడకి ఒక బోర్డు ఉంది: "రైస్ పుల్లింగ్ గురించి అడగవద్దు." బియ్యాన్ని లాగే రాగి బిళ్ల, కోట్లు పలుకుతుంది అని చెప్పి మన జిల్లాల్లో ఎంతమందిని ముంచారో అందరికీ తెలుసు. అలాంటి వాళ్లు వస్తే ఈయన కూర్చోబెట్టి, అది మోసం బాబూ అని విడమరిచి చెప్పి పంపడం నేను చూశాను. 1818 అని, ఈస్టిండియా కంపెనీ అని వేసి ఒక వైపు హనుమంతుడినో సీతారాముల్నో ముద్రించిన బిళ్లలు కూడా ఈ కొట్టులో ఉండవు. కంపెనీ అలాంటివి ఎప్పుడూ చెలామణికి వెయ్యలేదు. అవి అమ్మితే రోజుకు ఎంత బేరం అవుతుందో ఆయనకి తెలుసు, అయినా పెట్టరు. ఈ ఒక్క కారణానికే నేను ఈ కొట్టుకి ఐదుకి ఐదు ఇవ్వగలను.

విదేశీ బిళ్లల ట్రేలు కుడివైపు కింది అరలో ఉంటాయి. జర్మన్ ట్రే అడగండి. క్రాయిట్సర్ కార్డు మీద "శిలువ గుర్తు ఉన్నందున ఆ పేరు" అని ఉంటుంది. టాలర్ కార్డులో ఇప్పటి చెక్ దేశంలో భాగమైన బొహీమియాలోని యోఆఖిమ్‌స్టాల్ అనే లోయ, 16వ శతాబ్దంలో అక్కడ దొరికిన వెండి, ఆ పెద్ద పేరు నోరు తిరగక జనం టాలర్ అనడం, అదే చివరికి డాలర్ కావడం అంతా నాలుగు లైన్లలో కుదించారు. గ్రోషెన్ కార్డు ఇంకా బాగుంది. లాటిన్‌లో గ్రోసుస్ అంటే మందం. అప్పటిదాకా యూరప్‌లో చాలా చోట్ల నడిచినవి రేకులాంటి పల్చటి వెండి పెన్నీలే. ఫ్రాన్స్ రాజు 9వ లూయీ 1266లో మందపాటి వెండి నాణెం వేయించాడు. 1300లో బొహీమియా రాజు 2వ వాట్స్‌లావ్ కుట్నా హోరా గనుల వెండితో ప్రాగ్ గ్రోష్ మొదలుపెట్టాడు. చెక్ వాళ్ల గ్రోష్ జర్మన్ల నోట గ్రోషెన్ అయింది. 1870లలో మార్కులు, వాటి చిల్లరగా ఫెనిగ్‌లు వచ్చాక కూడా జర్మన్లు 10 ఫెనిగ్‌ల బిళ్లని గ్రోషెన్ అనే పిలిచారు. నయాపైసలు వచ్చాక కూడా మనవాళ్లు పాతిక పైసల్ని నాలుగణాలనే అన్నారు కదా, అలాగే. పోలండ్‌లో గ్రోష్ ఇప్పటికీ చిల్లర నాణెమే.

ఇక నేను కొన్నది హెల్లర్, పాతకాలపు జర్మన్ చిల్లర బిళ్ల. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం అదే.

రాగి రంగు బిళ్ల, వెడల్పు సుమారు 20 మిల్లీమీటర్లు. ఒక హెల్లర్, 1912, జర్మన్ తూర్పు ఆఫ్రికా. ఆయన దగ్గర టేబుల్ లాంప్, భూతద్దం ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి, అడగకుండానే ఇస్తారు. అద్దం కింద పెట్టి చూస్తే కిరీటం మీది గీతలు కూడా అరగలేదు. ఒక అంకె, దాని చుట్టూ ఆకుల దండ, కింద గింజంత జె అక్షరం. ఎ ఉంటే బెర్లిన్ టంకశాల, జె ఉంటే హాంబర్గ్. అంచు దగ్గర ముదురు గోధుమ రంగు, మధ్యలో ఆకుల సందుల్లో మాత్రం పాత రాగి ఎరుపు ఇంకా మిగిలి ఉంది. వందేళ్లు దాటిన బిళ్లలో ఆ ఎరుపు ఉందంటే ఎవరూ తోమలేదన్నమాట. ధర 350 రూపాయలు. ఆ స్థితిలో ఉన్న బిళ్లకి న్యాయమైన ధర అనిపించింది, బేరం ఆడలేదు.

కార్డు మీద మాత్రం తప్పుంది. "హెల్ అంటే జర్మన్‌లో వెలుగు. తళతళలాడే బిళ్ల కాబట్టి హెల్లర్" అని రాశారు. జర్మన్‌లో హెల్ అనే మాటకి ఆ అర్థం ఉన్న సంగతి నిజమే. కానీ ఈ నాణేనికీ ఆ మాటకీ సంబంధం లేదు.

"బాబుగారూ, ఇది వెలుగు కాదండీ. ఊరి పేరు" అన్నాను.

"ఏ ఊరండీ?"

"హల్. ష్వేబిష్ హల్ అంటారిప్పుడు. జర్మనీలో దక్షిణం వైపు. అక్కడ కొట్టిన ఫెనిగ్‌ని హల్లర్ ఫెనిగ్ అనేవారు. ఫెనిగ్ రాలిపోయి హల్లర్ మిగిలింది, అదే హెల్లర్."

"ఊరు పేరు పెట్టుకున్న బిళ్లా? ఏటుందండీ ఆ ఊళ్లో అంత?"

"ఉప్పు."

"అయితే మీ నౌపడ లాంటి ఊరన్నమాట" అన్నారాయన. నాది నౌపడ అని ఆయనకి తెలుసు.

చాలామంది షాపువాళ్లు ఇలాంటప్పుడు మొహం మాడ్చుకుంటారు. ఈయన ఆ కార్డు తీసి పక్కన పెట్టి, కొత్త కాగితం కత్తిరించి, నన్నే చెప్పమని రాసుకున్నారు. స్పెల్లింగ్ రెండుసార్లు అడిగారు. ట్రేలో మిగిలిన హెల్లర్ల కార్డులు కూడా అప్పుడే మార్చేశారు. నేను చెప్పింది నిజమని ఎలా నమ్మారని అడిగితే, "చెయ్యీ శిలువా ఉన్న బొమ్మ ఒకటి చూశానండీ, ఏ ఊరిదో తెలియక వదిలేశాను" అన్నారు. నిజంగానే తొలినాటి హెల్లర్ మీద ఒక వైపు చాచిన అరచెయ్యి, రెండో వైపు శిలువ ఉంటాయి. హల్ పట్టణ చిహ్నంలో ఇప్పటికీ ఆ రెండూ ఉన్నాయి.

ఉప్పు సంగతి నాకు దగ్గరి సంగతి, అందుకని కొంచెం చెప్పాలి. మా నాన్న నౌపడ ఉప్పుమళ్లలో పనిచేశారు. మన దగ్గర సముద్రపు నీరు మళ్లలోకి పెట్టి ఎండకి వదిలేస్తాం, ఎండే ఉప్పు పండిస్తుంది. వాన పడితే పంట పోయినట్టే. హల్‌లో సముద్రం లేదు. ఊరి మధ్యలో ఉప్పునీటి ఊట ఉండేది. ఆ నీళ్లు తోడి పెద్ద పెనాల్లో పోసి కట్టెల మంట మీద కాచి ఉప్పు తీసేవారు. కోఖర్ నదిలో దుంగలు తేలేసి ఊరికి తెచ్చుకునేవారు. 1924 దాకా అక్కడ ఉప్పు కాచారు. ఉప్పు కాచేవాళ్ల పేరు మీద ఊళ్లో ప్రతి ఏడూ పెంతెకొస్తు పండగ రోజుల్లో జాతర ఇప్పటికీ చేస్తారు. అలాంటి ఊళ్లో 12వ శతాబ్దం చివర్లో అప్పటి జర్మనీని ఏలిన హోహెన్‌స్టౌఫెన్ చక్రవర్తులు టంకశాల పెట్టారు. ఉప్పు బేరం ఉన్న చోట చిల్లర కావాలి. అక్కడి బిళ్ల దక్షిణ జర్మనీ అంతా పాకింది. మిగతా టంకశాలలు కూడా దాన్ని చూసి అలాగే కొట్టడం మొదలుపెట్టేసరికి హెల్లర్ అనేది ఊరిని వదిలి ఏ ఊళ్లో కొట్టినా అదే పేరు అయిపోయింది. ఉప్పు పనివాళ్ల ఊరి పేరు ఏడెనిమిది వందల ఏళ్లు జనం నోట్లో నడిచిందంటే మా నౌపడ పిల్లకి సంతోషం కాదా!

అయితే హెల్లర్ పరువు ఎంతో కాలం నిలవలేదు. మొదట వెండిదే. తర్వాత్తర్వాత వెండి తగ్గించుకుంటూ పోయారు, విలువ అర ఫెనిగ్‌కి దిగింది, చివరికి ఉత్త రాగి బిళ్ల అయింది. జర్మన్లు దేనికీ పనికిరాని వస్తువుని "ఎర్ర హెల్లర్ కూడా చెయ్యదు" అంటారు. నేను ఇది చెప్పగానే షాపాయన గల్లాపెట్టె మీద చెయ్యి వేసి, "మరి మనం ఎర్ర ఏగానీ కూడా ఇవ్వను అంటాం కదండీ!" అన్నారు. అక్షరాలా అదే. అక్కడా ఎరుపు రాగిదే, ఇక్కడా రాగిదే. ఎవరి దగ్గర్నించి ఎవరూ నేర్చుకోలేదు. అన్నిటికంటే చిన్న నాణెం రాగితో కొట్టిన చోటల్లా లేనివాడి నోట ఈ మాట పుట్టి ఉంటుంది. బాకీ పూర్తిగా తీర్చడాన్ని జర్మన్లు "హెల్లర్, ఫెనిగ్‌తో సహా" అంటారు. మనం దమ్మిడీతో సహా అంటాం.

ఇంతకీ జర్మన్ హెల్లర్ తూర్పు ఆఫ్రికాలో ఏం చేస్తోంది? ఇది మన దేశానికి సంబంధించిన కథ. ఈ ట్రేలో నాకు బాగా నచ్చినదీ ఇదే.

ఇప్పటి టాంజానియాలో ఎక్కువ భాగం, రువాండా, బురుండీ కలిపి అప్పట్లో జర్మన్ల వలస. జర్మన్లు రాకముందే ఆ తీరంలో మన గుజరాతీ వర్తకులు ఉన్నారు, మన రూపాయి నడుస్తోంది. జర్మన్ కంపెనీ వాళ్లు దాన్ని కాదనలేక 1890లో తమ రూపాయి వేశారు. బరువూ వెండీ మన రూపాయికి సమానం. బొమ్మ మాత్రం హెల్మెట్ పెట్టుకున్న 2వ విల్‌హెల్మ్ చక్రవర్తిది. చిల్లరకి పెసా. మన పైసానే. రూపాయికి 64 పెసాలు, మన 64 పైసల లెక్కే. 1904లో లెక్క మార్చి, రూపాయిని నూరు భాగాలు చేసి ఒక్కో భాగానికి హెల్లర్ అని పేరు పెట్టారు. మన దేశం రూపాయికి నూరు నయాపైసలు అనే లెక్కకి వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంటే ఆఫ్రికాలో నడిచిన రూపాయి మనకంటే 53 ఏళ్ల ముందే నూరు పైసల లెక్కలోకి వెళ్లింది. ఇది క్లాసులో చెబితే పిల్లలు నమ్మలేదు. బిళ్ల చూపించాను, ఆ పక్కన 1957 నాటి నయాపైసా పెట్టాను. ఆ పీరియడ్‌లో ఇంకో పాఠం నడవలేదు.

ఆ వలసలో 10 హెల్లర్ల బిళ్లకి, తర్వాత వచ్చిన 5 హెల్లర్లకి మధ్యలో చిల్లు ఉంటుంది. మన దగ్గర 1943 నుంచి 1947 దాకా వేసిన చిల్లు పైసా మీలో చాలామంది అమ్మమ్మల పెట్టెల్లో చూసే ఉంటారు. ఈ కొట్టులో రెండూ ఉన్నాయి, ఒకే దారంలో గుచ్చి చూపించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సముద్రం దారి మూసుకుపోయి జర్మనీ నుంచి నాణేలు రాక, 1916లో తబోరా అనే ఊళ్లో అక్కడికక్కడే ఇత్తడితో, రాగితో 20 హెల్లర్ల బిళ్లలు కొట్టుకున్నారు. అలాంటిది ఒకటి ఆయన దగ్గర ఉంది, అమ్మరు. చూపిస్తారు, చేతికిస్తారు. అక్షరాలు వంకరటింకరగా, అంచు ఒక పక్క పల్చగా ఉంటుంది. హడావుడిలో కొట్టిన సంగతి చూడగానే తెలుస్తుంది.

జర్మన్లు వెళ్లిపోయారు, హెల్లర్ చెలామణి పోయింది. కానీ స్వాహిలీ భాషలో డబ్బుని ఈ రోజుకీ "హేలా" అంటారు. హెల్లర్ నుంచి వచ్చిందే. "పెసా" అని కూడా అంటారు, అది మన పైసా. కెన్యాలో ఫోన్లో డబ్బు పంపే ఎం-పెసా అందరూ వినే ఉంటారు. మనం "డబ్బు" అనేదీ ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరే. మన శ్రీకాకుళం సర్కారుతో సహా ఉత్తర సర్కార్ల కోసం ఈస్టిండియా కంపెనీ 1794లోనూ 1797లోనూ ఇంగ్లండులో రాగి బిళ్లలు వేయించి తెచ్చింది. వాటి మీద "రూపాయికి 48" అని ఇంగ్లీషులో అచ్చేసి ఉంటుంది. డబ్బు అంటే ఆ బిళ్ల. హెల్లర్ పక్కన పెట్టుకోవడానికి అది కూడా కొన్నాను. ధర హెల్లర్ కంటే ఎక్కువే, పైగా ఉప్పుగాలికి గుంటలు పడింది. అయినా మన ప్రాంతం కోసం వేసిన బిళ్ల మన ఊళ్లోనే దొరికింది, వదలబుద్ధి కాలేదు.

ఇక లోపాలు. ఇవి ఆయనకి మొహం మీదే చెప్పాను. హోల్డర్లకి కొట్టిన స్టేప్లర్ పిన్నులు చదును చెయ్యరు, పక్క బిళ్లని గీరే ప్రమాదం ఉంది. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ, రెండు వానాకాలాలకే పిన్ను తుప్పు పడుతుంది. ఇంటికి తేగానే పిన్నులు తీసేసి, అతికించుకునే హోల్డర్లలోకి మార్చుకోండి. కొన్ని రాగి బిళ్లలు మెత్తటి పీవీసీ కవర్లలో ఉన్నాయి. ఆ కవర్లు కాలం గడిస్తే జిగురులా కారి రాగి మీద పచ్చటి మరక వేస్తాయి, అలాంటివి కొనేముందు లాంప్ కింద తిప్పి చూడండి. అడగనిదే బిల్లు ఇవ్వరు. అడిగితే రాసిస్తారు, అడగండి. కొట్టులో ఫ్యాన్ లేదు, వేసవి మధ్యాహ్నం వెళ్తే ఎక్కువసేపు నిలబడలేరు. ఫోన్ పే ఉంది.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. పాత రాగి బిళ్ల దొరకగానే చింతపండు పెట్టి తోమే అలవాటు మన ఇళ్లలో ఉంది. దేవుడి దగ్గర పంచపాత్రకి అది మంచిదే, నాణేనికి కాదు. ఒక్కసారి తోమితే వందేళ్లుగా పట్టిన రంగు పోతుంది, మళ్లీ రాదు, ధర సగానికి పడుతుంది. ఈ కొట్టులో తోమిన బిళ్లలు వేరే డబ్బాలో వేసి, మీద "తోమినవి" అని రాసి తక్కువ ధరకి అమ్ముతారు. ఎవరూ అడగకపోయినా అలా విడదీసి పెట్టే షాపు ఇంకోటి నేను చూడలేదు. స్కూల్లో పిల్లల చేతుల్లో తిప్పడానికైతే ఆ డబ్బాలోవి చాలు, ముప్ఫై నలభై రూపాయల నుంచి ఉంటాయి.

సిరిమానోత్సవం రోజుల్లో ఆ సందులో అడుగు పెట్టలేరు, అప్పుడు వెళ్లొద్దు. మామూలు రోజుల్లో పొద్దున్న పదకొండు తర్వాత తెరుస్తారు, మధ్యాహ్నం భోజనానికి మూసి సాయంత్రం నాలుగున్నరకి మళ్లీ తీస్తారు. సాయంత్రమే నయం, తొందరపెట్టరు. హెల్లర్లు నేను వచ్చేటప్పటికి ట్రేలో ఇంకా కొన్ని ఉన్నాయి, ఎ అక్షరం ఉన్నవి కూడా. కొనకపోయినా కార్డు చదివి రండి, ఇప్పుడు దాని మీద హల్ అనే రాసి ఉంది.